తుంపర అరుగు

రాళ్లగండి కూర్మమ్మతో బేరమాడాలంటే కోటబొమ్మాళి బజారులో మగాళ్లకి కూడా దడే. "నచ్చితే తీసుకో, నేకపోతే సముద్రం అటేపున్నాది, ఎల్లి పట్టుకో" అనేది మొహాన్నే. అనడం వరకే గానీ తూకంలో మోసం ఎరగదు, నిన్నటి చేపని ఇవాళ్టిదని అమ్మిన పాపానా పోలేదు. పెళ్లైన కొత్తలో ఎత్తుకున్న గంప, ఇప్పటికీ దించలేదు. చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూనే అవతలివాడిని నాలుగు దులిపేసే మనిషి.

ఆ నోరు ఇప్పుడు మూతపడింది. మూయించింది ఆమె ఊరే. ఎందుకో తెలియాలంటే ముందు ఐసు ఫ్యాక్టరీ వెనక అరుగు సంగతి తెలియాలి.

రాళ్లగండి సముద్రం ఒడ్డు మీద ఊరు. మగాళ్లు తెల్లారకముందే వేటకి పోతారు. ఆడవాళ్లు ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, గంపల్లో ఐసు వేయించుకుని, ఆటోలెక్కి సంతలకి పోతారు. ఐసు లేకపోతే చేప లేదు, చేప లేకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. ఒకప్పుడు ఐసు టెక్కలి నుంచి రావాలి, వచ్చేసరికి సగం దారిలోనే నీళ్లయ్యేది. గంగరాజు ఊళ్లోనే ఫ్యాక్టరీ పెట్టాక ఆ బాధ తప్పింది. గంగరాజు పరాయివాడు కాదు. వాళ్ల కులంవాడే, కూర్మమ్మకి వరసకి తమ్ముడు. "అప్పా" అని తప్ప పిలిచేవాడు కాదు.

ఫ్యాక్టరీ వెనక కూలింగ్ టవర్ ఉంది. మిషన్ల దగ్గర వేడెక్కిన నీళ్లు దాని పైకెక్కి, చెక్కల మీంచి జారుతూ చల్లబడి, మళ్లీ లోపలికి పోతాయి. నెత్తిన ఒక పెద్ద ఫ్యాను. ఆ గాలికి నీళ్లు సన్నటి తుంపరగా లేచి వెనకగోడ పక్కన వాలతాయి. సరిగ్గా అక్కడే గంగరాజు సిమెంటు అరుగు కట్టించి పైన రేకు వేయించాడు, ఐసు కోసం వచ్చిన ఆడవాళ్లు ఎండలో మాడకూడదని. మంచి బుద్ధితోనే కట్టించాడు పాపం. చెడ్డ బుద్ధితో కట్టించి ఉంటే ఎవరో ఒకరు అనుమానపడేవారు. మంచివాడు కట్టిన అరుగుని ఎవరు అనుమానిస్తారు?

వేసవి వచ్చిందంటే ఆ అరుగు మీద చోటు దొరికేది కాదు. కాలే ఇసకలో నడిచొచ్చి అక్కడ కూలబడితే ఒంటి మీద పిండి జల్లినట్టు చల్లటి తుంపర. గంపలు కూడా అక్కడే దించేవారు. ఐసు అందాక కూడా లేవబుద్ధయ్యేది కాదు ఎవరికీ. చుట్టలు కాల్చుకుంటూ, ఒకరి జుట్టు ఒకరు చిక్కు తీసుకుంటూ, లేని వాళ్ల మీద చాడీలు చెప్పుకుంటూ కూర్చునేవారు. "గంగమ్మ తల్లి సల్లని సెయ్యి ఇది" అనేది జగ్గమ్మ. ఇంట్లో ఎవరికైనా ఉడుకు చేసి ఒళ్లు కాలిపోతుంటే, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ తుంపరలోనే కూర్చోబెట్టేవారు. అది ఆ ఊరి వైద్యం. అలాంటి అరుగు ఇంకో ఊళ్లో లేదు కాబట్టి అలాంటి వైద్యమూ ఇంకో ఊళ్లో లేదు.

జగ్గమ్మ అంటే కూర్మమ్మకి ప్రాణం. ఇద్దరూ ఒకే ఏడు కాపరానికొచ్చారు, ఒకే ఆటోలో సంతకి పోయేవారు, ఒకే చుట్టని చెరి సగం తుంపుకునేవారు. ఒక ఏడు వైశాఖంలో జగ్గమ్మకి జ్వరం తగిలింది. పొడి దగ్గు, విరోచనాలు. కూర్మమ్మ సంత మానేసి మరీ ఆమెని రోజూ పొద్దు వాలేదాకా అరుగు మీద కూర్చోబెట్టింది. వేడి దిగలేదు. ఆఖర్న కన్నకొడుకుని పట్టుకుని "ఎవుడ్రా నువ్వు" అనడం మొదలుపెట్టింది. టెక్కలిలో ఒక ప్రైవేటు డాక్టరు ఎక్సరే చూసి, "మండే చుట్ట నోట్లో పెట్టుకుని తాగితే ఊపిరితిత్తులు ఏమవుతాయి? దానికి తోడు వడదెబ్బ" అని మందలించాడు. జగ్గమ్మ పోయింది. ఆ నెలలోనే తూర్పు వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పోయారు, వాళ్లకీ అవే గుర్తులు. ఎండలు అలా ఉన్నాయి మరి, అనుకుంది ఊరు. వడకి విరుగుడు చల్లని చోట కూర్చోవడం. ఊళ్లో చల్లని చోటు ఒక్కటే.

మరుసటి వేసవిలో జ్వరం కూర్మమ్మ ఇంటికే వచ్చింది. ఆమె మొగుడు నూకయ్య కంటిచూపు తగ్గి వేట మానేశాడు. తీరిక మనిషి కాబట్టి పొద్దస్తమానం అరుగు మీదే ఉండేవాడు, కులపెద్ద లక్ష్ముడి పక్కన కాలు మీద కాలేసుకుని. కులపెద్ద పక్కన చోటంటే మాటలు కాదు, ఆ చోటు కోసం నూకయ్య అన్నం కూడా మానుకోగలడు. ఒకనాడు వణుకుతూ ఇంటికొచ్చి పడుకున్నాడు. మర్నాడు ఒళ్లు పెనంలా కాలుతోంది.

"మావా, నెగు. తుంపర్లో కూకుందువు గాని, ఉడుకు దిగుతాది" అని కూర్మమ్మ అతన్ని లేపి, భుజం పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్లింది. ఆ రోజూ, ఆ తర్వాతా.

అదే సమయంలో విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఇంకో మనిషి పడుకుని ఉన్నాడు. రొయ్యల కంపెనీ ఉద్యోగి. గంగరాజుతో ఐసు బేరం కుదుర్చుకోడానికి వచ్చి, ఆ అరుగు మీద ఒక్క మధ్యాహ్నం కూర్చుని వెళ్లాడు. వెళ్లిన కొద్దిరోజులకే నిమోనియాతో మంచం పట్టాడు. డబ్బున్న ఆసుపత్రి కదా, మూత్రం పరీక్ష చేసి జబ్బు పేరు పట్టుకున్నారు. లెజియోనైర్స్ జబ్బు. కూర్మమ్మకి ఇప్పటికీ ఆ పేరు నోరు తిరగదు. మూడు జిల్లాల జ్వరాల మీద కన్నేసి ఉంచే సర్కారు విభాగం ఒకటుంది, కబురు అక్కడికి చేరింది. రాళ్లగండి ఆడవాళ్లు ముగ్గురు పోతే తెలియనిది, ఒక కంపెనీ బాబు దగ్గితే తెలిసింది. దీనికి ఎవరిని తిట్టాలో కూడా తెలియదు, అదీ కడుపుమంట.

ఆ బాబు మాట్లాడే స్థితిలో లేడు. అతను ఎక్కడెక్కడ తిరిగాడని, ఎక్కడైనా నీళ్ల తుంపర తగిలిందా అని ఎవరో గంగరాజుకి ఫోన్ చేసి అడిగారు. కోటబొమ్మాళి బజారులోనే మాట్లాడుకున్నామని చెప్పి గంగరాజు అప్పటికి తప్పించుకున్నాడు. తిన్నగా లక్ష్ముడి దగ్గరికి పరిగెత్తాడు. ఆ సాయంత్రమే ఒడ్డున ఊరంతా కూడింది.

"ఆల్లొచ్చి అడుగుతారు. అరుగు మాటెత్తినామంటే పేక్టరీకి తాళమేస్తారు" అన్నాడు లక్ష్ముడు. "తాళమేస్తే ఏటవుతాది? సేప కుల్లిపోతాది, మన బతుకు కుల్లిపోతాది. ఎవులూ నోరెత్తకండి. గంగమ్మ మీద ఒట్టు."

అందరూ దోసిట్లోకి సముద్రపు నీళ్లు తీసుకుని ఒట్టేశారు. ఆ ఊళ్లో దానికి మించిన ఒట్టు లేదు. దోసిట్లో నీళ్లుండగా అన్న మాట తప్పితే వేటకి పోయిన తెప్ప తిరిగి రాదంటారు. కూర్మమ్మ కూడా ఒట్టేసింది, అందరికంటే గట్టిగా. తుంపరకీ జ్వరానికీ ఏమిటి సంబంధం? ఐసుకీ అన్నానికీ సంబంధం ఉందని మాత్రం ఆమెకి బాగా తెలుసు.

ఆ సర్కారు విభాగం నుంచి వచ్చిన డాక్టరమ్మ పేరు ఝాన్సీ. గజపతినగరం దగ్గర మెట్టపొలాల రైతుల పిల్ల. చేపల వాసన అలవాటు లేకపోయినా ముక్కు మూసుకోకుండా ఓర్చుకుంది, ఆ మర్యాద కూర్మమ్మ గమనించింది. బడి వరండాలో ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి మెల్లగా అడిగింది. కిందటేడు ఎవరికి జ్వరమొచ్చింది? అంతకుముందు ఏడు? దగ్గుతో పోయినవాళ్లెవరు? వాళ్లు రోజూ ఏం చేసేవారు?

వింటూ వింటూ తనే ఆశ్చర్యపోయింది. "వేటకి పోయే మగవాళ్లకి రాలేదు. పిల్లలకి రాలేదు. చేపలమ్మే ఆడవాళ్లకే వచ్చింది, అదీ ఎండలు ముదిరాకే. చుట్ట తాగేవాళ్లనీ పెద్దవయసు వాళ్లనీ ఎక్కువ పట్టింది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదమ్మా. తాగే నీళ్లతోనూ రాదు. కడగకుండా వదిలేసిన వెచ్చటి నీళ్లలో ఈ పురుగు పెరుగుతుంది. ఆ నీళ్లు తుంపరై ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి పోతే వస్తుంది. మీరంతా కలిసి కూర్చునే చోటు ఏదైనా ఉందా?"

తుంపర అన్న మాట వినగానే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు దించేశారు. జగ్గమ్మని అరుగు మీదికి తీసుకెళ్లింది కూర్మమ్మే. కదలలేనంటే రిక్షా మీద కూర్చోబెట్టి తీసుకెళ్లింది. ఇంట్లో ఇప్పుడు నూకయ్య దగ్గుతున్నాడు.

"సంతలోనమ్మా. సంతలోనే అందరం కలుస్తాం" అంది వెనకనుంచి ఒకామె.

"అవునవును, సంతలోనే" అన్నారు మిగతావాళ్లు. "మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా మామ్మా?" అని ఝాన్సీ కూర్మమ్మని అడిగితే, "మా ముసిలోడికి వడ కొట్టినాది, అంతే" అంది.

పాపం ఆ డాక్టరమ్మ వాళ్ల మాట నమ్మింది. తన మనుషుల్ని వెంటేసుకుని కోటబొమ్మాళి బజారంతా గాలించింది. కుళాయిల్లో నీళ్లు పట్టారు, సోడా బండివాడి నీళ్లు పట్టారు, చివరికి పూలకొట్లో మల్లెపూల మీద నీళ్లు చిలకరించే సీసా కూడా పట్టుకుపోయారు. రాళ్లగండి ఆడవాళ్లు ఆ సీసా సంగతి చెప్పుకుని అరుగు మీద కూర్చుని పడీపడీ నవ్వారు, తుంపరలో తడుస్తూ.

నూకయ్య మాట తడబడ్డం మొదలైంది. ఇంట్లో పడుకుని "వల లాగండ్రా" అని అరిచాడు. జగ్గమ్మ ఆఖరి రోజులు కళ్ల ముందు కదిలాయి కూర్మమ్మకి. ఇంక ఆగలేదు, ఆటోలో వేసుకుని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆక్సిజన్ పెట్టారు, నిమోనియా సూదులు పొడిచారు. ఎగశ్వాస తగ్గలేదు. మెలకువొచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి పట్టుకుని, "నన్ను ఇంటికి తీసుకుపో, సావనీకు" అనేవాడు. సముద్రంలో తెప్ప తిరగబడినప్పుడు కూడా భయపడని మనిషి పసిపిల్లాడిలా ఏడుస్తుంటే కూర్మమ్మ చూడలేకపోయింది.

జిల్లాలో నిమోనియాతో చేరిన వాళ్లని చూస్తూ ఝాన్సీ ఆ వార్డుకి వచ్చింది. కూర్మమ్మని గుర్తుపట్టి మంచం దగ్గర ఆగింది.

"ఈయన మీతో సంతకి వస్తాడా మామ్మా?"

"రాడమ్మా. కల్లు అవుపించవు."

ఝాన్సీ నిరుత్సాహపడింది. "అయితే ఇది వేరే నిమోనియా అయ్యుంటుంది. ఆ జబ్బు సంతలోనే ఎక్కడో ఉందని వెతుకుతున్నాం. పరీక్ష చేసే కిట్లు మా దగ్గర కొంచెమే ఉన్నాయి, సంతకి వెళ్లినవాళ్లకే చేస్తున్నాం" అంది. "ఆ జబ్బే అయితే మందు మార్చాలి. ఈ సూదులకి అది లొంగదు." అలా అని పక్క మంచం వైపు తిరిగింది.

ఇక్కడ కూర్మమ్మ ఒక్క అబద్ధమాడితే సరిపోయేది. 'మరిసిపోనానమ్మా, ఒకపాలి సంతకొచ్చినాడు' అంటే చాలు, పరీక్ష చేసేవారు. మొగుడికి మందు దొరికేది, ఊరికిచ్చిన ఒట్టూ నిలిచేది. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పూట అరుగు మీద ఎవరెవరు కూర్చుని ఉంటారో ఆమెకి వరసగా కనపడింది. జగ్గమ్మ పోయాక ఆ గంప ఎత్తుకున్నది జగ్గమ్మ కోడలు కుసుమకుమారి. పిచ్చిపిల్ల, అత్త కూర్చున్న చోటే కూర్చుంటుంది.

"అమ్మా, ఇటు రా. సెప్తాను. ఇన్నాక నన్ను సెప్పుచ్చుకు కొట్టు" అంది కూర్మమ్మ.

అంతా చెప్పింది. టవరు, అరుగు, దోసిట్లో నీళ్లు, అన్నీ. "జొరమొచ్చినాక గూడా ఆ తుంపర్లోనే కూకోబెట్టినానమ్మా. నా సేత్తోనే. జగ్గమ్మనీ నానే సంపుకున్నాను" అని తల బాదుకుంది.

ఝాన్సీ ఆమె చేతులు పట్టుకుని ఆపింది. తిట్టలేదు. నూకయ్యకి పరీక్ష చేయించింది, జబ్బు అదేనని తేలింది. మందు మార్చారు. రెండు మూడు రోజులు అటో ఇటో అన్నట్టు గడిచి, ఒక ఉదయం నూకయ్య కళ్లు తెరిచి "చుట్టుందేటే?" అని అడిగాడు. కూర్మమ్మ నవ్వింది, ఏడ్చింది, అక్కడున్న నర్సుకి దణ్ణం పెట్టింది. ఆమె జీవితంలో సంతోషమన్నది చివరిసారిగా అప్పుడే చూసింది.

కబురు ఎలా పొక్కిందో గానీ, ఝాన్సీ మనుషులు వెళ్లేసరికి గంగరాజు టవరు నీళ్లన్నీ తోడిపోయించి, చెక్కలు బ్రష్షులతో రుద్దించి, బ్లీచింగు పోయించి, కొత్త నీళ్లు నింపించి తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. ఏ పురుగూ లేదని వచ్చింది. ఉంటుందా?

నూకయ్యని ఇంటికి తెచ్చిన రోజునే కులపంచాయితీ పిలిచారు.

"నీల్లల్లో ఏటీ నేదని గవర్నమెంటోల్లే తేల్సినారు. నీ నోట్లో మాత్రం విషముంది" అన్నాడు లక్ష్ముడు. "సముద్రం మీద ఒట్టేసి తప్పినావు. ఏటకి పోయినోల్లకి ఏటైనా అయితే ఎవులు సెప్తారు సమాదానం?"

"కడిగేసినాక ఏటుంటాది అన్నా?" అంది కూర్మమ్మ. గంగరాజు వైపు తిరిగింది. "ఒరే తమ్ముడూ, నువ్వు సెప్పరా. ఇన్నేల్లలో ఎప్పుడైనా ఆ టవరు కడిగించినావా? మొన్న కడిగించినావా నేదా?"

గంగరాజు నేల చూశాడు. "నానెప్పుడూ కడిగిస్తానప్పా. నెలనెలా కడిగిస్తాను" అన్నాడు. ఎదురుగా కూర్చున్న ప్రతివాడికీ అది అబద్ధమని తెలుసు. ఒక్కడూ పెదవి కదపలేదు. నిజం చెబితే నిష్ఠూరమన్నారు పెద్దలు. ఆ పెద్దలు ఏ ఒడ్డున కూర్చుని అన్నారో గానీ బాగా తెలిసే అన్నారు.

కూర్మమ్మకి ఐసు బందు. ఒడ్డున చేపలు ఆమెకి పాడరు. ఆమె ఎక్కిన ఆటో ఇంకెవరూ ఎక్కరు. గంగమ్మ పండగలో ఆమె చేతి కుంకుమ ఎవరూ తీసుకోరు. ఇంటి మగాడి సంగతేమిటని ఎవరో అడిగారు. "నూకయ్య మనసులో ఏటున్నాదో నూకయ్యే సెప్పాల" అన్నాడు లక్ష్ముడు.

నూకయ్య గోడకి జేరబడి ఆయాసపడుతూనే లేచి నిలబడ్డాడు. కూర్మమ్మ అతని వైపు చూసింది. ఇంతసేపూ ఆమె ధైర్యమంతా అదే. ఈ మనిషి బతికున్నాడు, బతికున్న సాక్ష్యం, ఊరంతా కళ్లారా చూసుకోవచ్చు.

"నాకేటి తెలుసు బావా" అన్నాడు నూకయ్య లక్ష్ముడితో. "నాకు తెలివి నేదు. అది ఆడకూతురు, బయంలో ఏదో వాగింది. తుంపరేటి, జొరమేటి? అన్నేల్లు కూకున్నాం, సచ్చినామేటి? నాను మీతోనే ఉన్నాను."

ఏరు దాటి తెప్ప తగలేసినట్టంటే ఇదే. ఆ ఊపిరి కూర్మమ్మ తెచ్చిపెట్టిందే, ఆ ఊపిరితోనే ఆమెని అబద్ధాలకోరుని చేశాడు. లక్ష్ముడి పక్కన చోటు మళ్లీ దొరికింది అతనికి. కూర్మమ్మ ఆ రోజు అతనికి గంజి కాచి పెట్టింది. ఆ మర్నాడూ పెట్టింది. అన్నం పెట్టడం మానడం ఆమెకి చేతకాలేదు, ఆ చేతకానితనం మీద ఆమెకే అసహ్యం.

ఐసు లేకపోయాక పచ్చిచేప మానేసి ఎండుచేపల్లో దిగింది. చీపురుపల్లి దాకా రైల్లో పోయి, తెలియని బజారులో, తెలియని మనుషుల మధ్య కూర్చుని అమ్మింది. అక్కడ ఆమె నోటి దురుసు ఎవరికీ తెలియదు. చూపించే ఓపికా ఆమెకి లేకపోయింది. "ఎంతకిస్తావు?" అంటే అంతకే ఇచ్చేది.

మళ్లీ వైశాఖం వచ్చింది. ఎండలు కిందటేటికంటే ఎక్కువ. అరుగు మీద జనం మామూలే. ఊళ్లో ఒక్కరికి జ్వరం లేదు, ఒక్కరికి దగ్గు లేదు. గంగరాజు నెల తిరక్కుండా టవరు కడిగిస్తున్నాడు, తలుపులు వేసుకుని, ఎవరూ చూడకుండా. బ్లీచింగు వాసన మాత్రం వీధంతా వస్తుంది. ఆ వాసన అందరి ముక్కులకీ తగులుతుంది, అర్థం కూర్మమ్మ ఒక్కదానికే తగులుతుంది. ఆమె ఆ రోజు నోరు విప్పకపోతే ఆ బ్రష్షు టవరు ఎక్కేది కాదు. ఎక్కింది కాబట్టి జ్వరం రాలేదు. రాలేదు కాబట్టి ఆమె అబద్ధమాడింది. ఊరి లెక్క అది, ఎటు నుంచి కూడినా తప్పు ఆమెదే.

"సూసినావేటే?" అన్నాడు నూకయ్య ఒక మధ్యాహ్నం, అరుగు మీంచి వచ్చి కంచం ముందు కూర్చుంటూ. ఒళ్లంతా తుంపరతో చల్లగా ఉంది. "ఈ యేడు ఎవులికైనా వొచ్చిందా? అదే అరుగు, అదే తుంపర. ఊరి పరువు తీసినావు గదే."

కూర్మమ్మ పులుసు వడ్డించింది.

ఝాన్సీ ఒకసారి వచ్చింది, జ్వరాల సంగతి కనుక్కోడానికి. ఊళ్లో ఎవరూ పలకరించలేదు. కూర్మమ్మ ఇంటి ముందు కూర్చుని మంచినీళ్లు తాగింది. "మూడు జిల్లాల్లోనూ ఆసుపత్రులకి ఇప్పుడు కిట్లు ఇచ్చాం మామ్మా. అక్కడొకటి, ఇక్కడొకటి బయటపడుతూనే ఉన్నాయి. మీ ఊళ్లోనే ఈ ఏడు ఒక్కటీ లేదు. అది మీ వల్లే" అంది.

"ఆ మాట ఆ అరుగు కాడికెల్లి సెప్పమ్మా. ఒక్కపాలి సెప్పు. నీ కాల్లు మొక్కుతాను."

ఝాన్సీ మొహం పక్కకి తిప్పుకుంది. "నీళ్లలో దొరకలేదు కదా మామ్మా. ఋజువు లేకుండా ఫ్యాక్టరీ పేరు బయట అనకూడదు. నాకు తెలుసు, మీకు తెలుసు, అంతే" అని కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. మంచిపిల్లే. మంచివాళ్లు చెయ్యగలిగింది కూడా అంతే అని కూర్మమ్మకి అర్థమైంది, అర్థమైనందుకు ఇంకా మండింది.

ఆ మర్నాడు చీపురుపల్లి పోవడానికి గంప నెత్తిన పెట్టుకుని ఆమె ఫ్యాక్టరీ వెనక సందులోంచి నడుస్తోంది. ఆ దారి తప్ప రోడ్డెక్కడానికి ఇంకో దారి లేదు. అరుగు మీద ఆడవాళ్లు ఆమెని చూసి మాటలాపారు. తల దించుకుని దాటిపోతుంటే వెనక ఎవరో దగ్గారు.

పొడి దగ్గు. మళ్లీ ఇంకోసారి. ఆగకుండా.

కూర్మమ్మ అడుగు ఆగిపోయింది. వచ్చింది, అనుకుంది. వచ్చేసింది. ఇంక చూడండి, ఇంక రండి నా గుమ్మంలోకి, లక్ష్ముడూ గంగరాజూ నూకయ్యా అందరూ రండి. ఎన్నాళ్లుగానో ఎరగని హుషారు ఒళ్లంతా పాకింది. తిరిగి చూసింది.

దగ్గుతున్నది కుసుమకుమారి. జగ్గమ్మ కోడలు.

కూర్మమ్మ గంప అక్కడే నేల మీద పడేసింది. ఎండుచేపలు సందంతా చెల్లాచెదురయ్యాయి. ఒకే పరుగున అరుగెక్కి, ఎవరు వారిస్తున్నా వినకుండా ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. మెడ మీద వేసింది. రెండు బుగ్గలూ పట్టుకుని చూసింది.

"ఏటత్తా? ఏటైనాది నీకు?" అంది కుసుమకుమారి బిత్తరపోయి. "టీ గొంతుకడ్డం పడినాది, అంతేనత్తా." చేతిలో సగం తాగిన టీ గ్లాసు చూపించింది.

నుదురు చల్లగా ఉంది. కూర్మమ్మ అక్కడే కూలబడింది. పైకే ఏడ్చింది, వెక్కివెక్కి ఏడ్చింది. జగ్గమ్మ గుర్తొచ్చి ఏడుస్తోందనుకున్నారు ఆడవాళ్లు, ఆ దగ్గు విని ఆమె సంబరపడిందని వాళ్లకేం తెలుసు? ఎంత వెలివేసినా చూడలేక ఒకామె నీళ్లు ఇవ్వబోయింది, ఇంకొకామె ఆపింది.

కుసుమకుమారి మాత్రం ఆమె పక్కన కూర్చుని కొంగుతో కళ్లు తుడవబోయింది. కూర్మమ్మ ఆ చెయ్యి తోసేసింది.

"నన్ను ముట్టుకోకే" అంది. "ఊరు నన్ను ఎలేసింది, మంచి పనే సేసింది." అని లేచి, సందులో పడ్డ చేపలు ఒక్కొక్కటే ఏరుకుని గంపలో వేసుకుని స్టేషను వైపు నడిచింది.